ఉదయలక్ష్మి కుట్టిన ఎలుగుబంటి

ఆ ఉదయం ఉదయలక్ష్మి పెట్టుకున్న పని ఒక్కటే. కింది పోర్షన్లో ఉండే ఇంటివాళ్ళ పిల్ల మల్లికకు పుట్టినరోజు కానుకగా టెడ్డీబేర్ కొనాలి. సంచీ పట్టుకుని సరూర్‌నగర్ సందుల్లోంచి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు దాకా నడిచింది. అక్కడ బొమ్మలూ లేవు, మనుషులూ లేరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది, పైగా ఆ రోజు నుంచి రెండు రోజుల బంద్. మామూలు రోజుల్లో పక్కవాడి మాట పక్కవాడికి వినబడని ఆ రోడ్డు మీద ఎక్కడో ఒక షట్టరు గాలికి కొట్టుకోవడం స్పష్టంగా వినిపిస్తోంది. తన చెప్పుల చప్పుడే వెనక ఎవరో వస్తున్నట్టుండేసరికి, ఆమె గబగబా ఇంటికి వచ్చేసింది.

ఆ కానుక వెనక ఒక భయం ఉంది. ఆదివారం నాడు ఇంటి యజమాని సీతారాములు మెట్ల దగ్గర ఆమె భర్త జోగారావును ఆపి, "జర మీతోని మాట్లాడాలె సార్. ఇప్పుడు గాదు, తీరిగ్గ" అని, తల దించుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నించీ భార్యాభర్తలకు అన్నం సహించడం లేదు.

"ఇంకేముంది, ఖాళీ చేయమంటాడు. వాళ్ళది నల్గొండ, మనది తణుకు. ఈ రోజుల్లో ఇన్నాళ్ళు ఉండనివ్వడమే ఎక్కువ," అన్నాడు జోగారావు.

"నాకు టైఫాయిడ్ వస్తే వాళ్ళమ్మగారు నెల్లాళ్ళు జావ కాచి పోశారండీ. అలాంటి అండాలమ్మ పిన్నిగారిని వదిలి నేను ఎక్కడికీ రాను," అంది ఉదయలక్ష్మి. అని, కళ్ళు తుడుచుకుని, కొనడానికి దొరకని టెడ్డీబేర్‌ని చేత్తో కుట్టడానికి కూర్చుంది.

అంతకుముందు ఆమె కుట్టినవల్లా దిండు గలేబులు. టీవీలో ఒకసారి ఎలుగుబంటి బొమ్మ కుట్టడం చూపించారు గానీ, మొహం దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది. కాబట్టి మొండెం వరకు శాస్త్రం, అక్కణ్ణించి సొంత తెలివి. గుడ్డకి జోగారావు పాత నల్ల స్వెట్టరు దొరికింది. దూది లేదు. స్టీలు సామాన్లవాడికి వేద్దామని తల దువ్వినప్పుడల్లా చుట్టి దాచిన జుట్టు మాత్రం సంచీడు ఉంది. అది కుక్కింది. పురుగు పట్టకుండా ఎండు వేపాకు, లవంగాలు కలిపింది. కుదురుగా కూర్చోవాలని అడుగున కుంకుడు గింజలు పోసింది. ముక్కుకి కుంకుడుకాయ, నోటికి ఎర్ర దారం, కళ్ళకి ఒకటి ఎర్ర గుండీ, ఒకటి తెల్ల గుండీ.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. ఇక్కడ కోతి కూడా కాలేదు. లాగి లాగి కుట్టేసరికి చెవులు కొమ్ములయ్యాయి. కుట్ల సందుల్లోంచి వెంట్రుకలు బయటికి వచ్చాయి. గుడ్డ కదలకుండా రొమ్ము మీద గుచ్చిన గుండుసూదులు తీయడం మరిచిపోయింది. అన్నిటికీ మించి, మెడ సరిగ్గా నిలవక, తల తనంతట తానే మెల్లగా పక్కకు తిరిగేది. తిరిగినప్పుడు లోపల గింజలు గలగలమనేవి.

"ఏమిటిది?" అన్నాడు జోగారావు, గుమ్మం దాటకుండానే.

"ఎలుగుబంటి. తెలియట్లేదా?"

జోగారావు సంసారం నిలబెట్టుకునే మనిషి. "తెలుస్తోంది," అన్నాడు. ఆ బొమ్మ అతనివైపు తల తిప్పింది.

మర్నాడు పొద్దున్నే ఉదయలక్ష్మి, కొత్త వస్తువు కదా అని దాని నొసట కుంకుమ బొట్టు పెట్టి, కింది గుమ్మంలో తలుపుకు ఎదురుగా కూర్చోబెట్టి వచ్చింది.

వాకిలి చల్లడానికి తలుపు తీసిన అండాలమ్మ చేతిలో చెంబు కిందపడింది. బంద్ కాబట్టి సందులో ఇంకే చప్పుడూ లేదు. చెంబు దొర్లి దొర్లి గేటు దగ్గర ఆగేవరకు ఆమె కదల్లేదు. నల్ల గుడ్డ, సూదులు, కుంకుమ, వెంట్రుకలు.

"ఓ సీతారాములూ! బాణామతిరా కొడుకా! ఎవలో మన గడప మీద పెట్టిన్రు!"

సీతారాములు చీపురు కట్టతో దాన్ని కదిలించాడు. గింజలు గలగలమన్నాయి. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. అతని కాళ్ళ సందులోంచి మల్లిక తొంగిచూసి చప్పట్లు కొట్టింది.

"నాయినమ్మా, గుడ్డేలుగు!"

"ఊకో బిడ్డా! పేరు పెట్టి పిలువకు, పలుకుతది!" అని అండాలమ్మ పిల్ల నోరు మూసింది.

హయత్‌నగర్‌లో మంత్రాలు వేసే భిక్షపతికి ఫోన్ చేశారు. బస్సులు లేవు, అతను రాలేనన్నాడు. సలహా మాత్రం చెప్పాడు. "కాల్చొద్దు, పారెయ్యొద్దు. పసుపునీళ్ళు చల్లి, నిమ్మకాయలు కట్టి ఓ మూలకు పెట్టున్రి. ఎవలు చేసిన్రో తెలిస్తే వాళ్ళ మనసు మాత్రం నొప్పియ్యకున్రి."

ఎవరు చేశారో తెలుసుకునే శ్రమ కూడా వాళ్ళకు లేకపోయింది. ఉదయలక్ష్మి నవ్వుకుంటూ మెట్లు దిగి వచ్చింది.

"గుమ్మంలో చూశారా పిన్నిగారూ? నేనే పెట్టానండీ. నా చేతుల్తో చేశాను."

అండాలమ్మ తలుపు పట్టుకుంది. "నువ్వా బిడ్డా? దానిలోపల ఏమున్నది?"

"నా జుట్టేనండీ!" అంది ఉదయలక్ష్మి గర్వంగా. "పాప పక్కలో పడుకోబెట్టండి. మనం నిద్రపోయినా అది కనిపెట్టుకుని ఉంటుంది. అన్నట్టు, మీ పాత చీర ముక్క ఉంటే ఇవ్వండి, మీ పేరున ఇంకోటి చేస్తాను. నా జుట్టు అయిపోయింది గానీ, మీది కాస్త ఇచ్చినా చాలు."

అండాలమ్మ రెండు చేతులతో ముడి గట్టిగా పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. సంతోషంతో ఆవిడకి మాట రాలేదనుకుంది ఉదయలక్ష్మి.

"జావ పోసి బతికించిన పిల్ల," అని లోపల అండాలమ్మ ఏడ్చింది. "నాకే చేసె. నేనేం తక్కువ చేసిన్నని?"

ఆ మధ్యాహ్నమే పైకి సర్వపిండి వచ్చింది. సాయంత్రం సకినాలు వచ్చాయి. ట్యాంకర్ నీళ్ళు ముందు పై పోర్షన్‌కి పట్టాకే కింద పట్టుకున్నారు. సీతారాములు మెట్ల మీద ఎదురైతే గోడకు అతుక్కుని, "మీరు పోన్రి మేడం, మీరు పోన్రి," అన్నాడు. మాట్లాడాలన్న సంగతి మళ్ళీ ఎత్తలేదు.

"చూశారా, చేతిపనికి ఎంత విలువో," అంది ఉదయలక్ష్మి. జోగారావు సకినం నములుతూ మెట్లకేసి చూశాడు. ఇంట్లో ఇంత మర్యాద ఎప్పుడూ జరగలేదు. అందుకే అతనికి భయం వేసింది.

మర్నాడు మల్లికకు జలుబు చేసింది. ఉదయలక్ష్మి కిటికీలోంచి పలకరించింది. "ఒళ్ళు వెచ్చగా ఉందా పిన్నిగారూ? అయ్యో, ఇంతకుముందే పాపని తలుచుకున్నాను! బొమ్మ దగ్గరుందిగా? సాయంత్రానికి రెండోది కూడా అయిపోతుంది. మీ తీగమీద ఆరేసిన చీర కొంగు కొంచెం కత్తిరించుకున్నాను, ఏమీ అనుకోకండి."

సాయంత్రం కాకముందే గేటు ముందు ఆటో ఆగింది. అండాలమ్మ కోడలు కృష్ణకుమారి మూటలు ఎక్కించింది. సీతారాములు ఎటూ చూడకుండా ఎక్కి కూర్చున్నాడు. అండాలమ్మ మాత్రం వెళ్ళబోతూ ఆగి, కింది పోర్షన్ తాళంచెవి ఉదయలక్ష్మి చేతిలో పెట్టింది.

"ఊరికి పోతున్నం బిడ్డా. ఇల్లు నీదే అనుకో. మా మీద జర దయుంచు."

"బతుకమ్మకా పిన్నిగారూ? తొందరగా వచ్చేయండి, నాకు తోచదు," అంటూ ఉదయలక్ష్మి ఏడ్చేసింది. అండాలమ్మ కూడా ఏడ్చింది. ఆటో వెళ్ళాక ఇల్లంతా చల్లబడిపోయింది.

ఆమె పైకి వెళ్ళి తలుపు తోయబోయి ఆగిపోయింది. పై మెట్టు మీద, తన గుమ్మానికి ఎదురుగా, తన ఎలుగుబంటి కూర్చుని ఉంది. ఒళ్ళంతా పసుపునీళ్ళు, మెడలో నిమ్మకాయల దండ. చూస్తుండగానే తల మెల్లగా తిరిగి ఆమె మొహంలోకి చూసింది. గింజలు గలగలమన్నాయి.

"ఏమండీ!" అని ఆమె అరిచిన అరుపు ఖాళీ ఇంట్లో కింది గదులదాకా తిరిగి వచ్చింది. "ప్రేమగా ఇచ్చిన బొమ్మ మీద చేతబడి చేసి మన గుమ్మంలోనే పెట్టారండీ! పిన్నిగారే!"

"నే చెప్పలేదూ," అన్నాడు జోగారావు. ఏం చెప్పాడో అతనికీ గుర్తులేదు. దాన్ని తాకకుండా, గోడ పట్టుకుని దిగి, వాళ్ళిద్దరూ ఎల్బీనగర్‌లో బంధువుల ఇంటికి నడిచారు. సామాన్లకు తర్వాత మనుషుల్ని పంపారు. దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఇంతకీ ఆదివారం నాడు సీతారాములు చెప్పాలనుకున్నది చాలా చిన్నమాట. పై పోర్షన్‌వాళ్ళు వేరే ఇల్లు చూసుకుంటున్నారని ఎవరో అతని చెవిన వేశారు. "రాష్ట్రం వచ్చినా రాకున్నా మీరు మాత్రం పోవొద్దు సార్, మా అమ్మ తట్టుకోలేదు" అందామనుకుని, సిగ్గుపడి, తీరిగ్గా చెబుదామని ఆగాడు.

ఇప్పుడు గేటుకి టులెట్ బోర్డు వేలాడుతోంది. సీతారాములే వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండా కట్టి వెళ్ళాడు. ఇల్లు చూద్దామని వచ్చినవాళ్ళు మెట్ల పైన కూర్చున్నది తమవైపు తల తిప్పడం చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోతున్నారు. ఖాళీ చేయమంటారేమోనన్న బెంగ లేకుండా ఆ ఇంట్లో ఉంటున్నది ప్రస్తుతం అదొక్కటే.