చీజ్ తినకుండా తెలుసుకునే విధానం

మనిషి తిండి గురించి నోటితో తెలుసుకునే రోజులు పోయాయి. ఒక సూపర్ మార్కెట్‌లో ఉద్యోగులు ఇప్పుడు ఫోన్‌లోని యాప్‌తో తెలుసుకుంటారు. ఇందుకోసం యాజమాన్యం నిరంతర జ్ఞాన విభాగమని ఒకటి పెట్టి, దానికో అధికారిని నియమించింది. (ఆయన అంతకుముందు పార్కింగ్ చూసేవారు. అక్కడా ఖాళీలు నింపించడమే పని.)

విభాగం నియమాలు రెండు. సరుకు గురించి పూర్తిగా తెలియనివారు ఉద్యోగానికి పనికిరారు. సరుకు రుచి చూసినవారు దొంగలు. బిల్లు లేకుండా ఉద్యోగి నోట్లో ఉన్న ముక్క ఏదైనా సంస్థ ఆస్తే.

బ్రెడ్ కౌంటర్ అతను ఒకసారి ఎవరితోనో "తీసుకెళ్లండి, చాలా బాగుంటుంది" అన్నాడు.

"బాగుంటుందని నీకెలా తెలుసు?" అని అధికారి అడిగారు.

అతను ఇప్పుడు వేరే చోట పని వెతుక్కుంటున్నాడు.

చీజ్ కౌంటర్ అమ్మాయి అలాంటి పొరపాటు చేసే రకం కాదు. యాప్‌లో పాఠాలన్నీ పూర్తి చేసింది. ఆవు ఏ కొండ మీద మేసిందో, ఆ కొండకు ఏ వైపు ఎండ తగులుతుందో, గుహలో ఏడాది మాగబెట్టే చీజ్‌ను ఎందుకు తిప్పుతుంటారో ఆమెకు కంఠతా వచ్చు. ఉద్యోగం పర్మనెంట్ కావడానికి ఒక్క మెట్టు మిగిలింది. అధికారి చూస్తుండగా ఇదంతా ఒక కొనుగోలుదారుకు చెప్పాలి. ఆ మనిషి మధ్యలో వెళ్లిపోకూడదు. గడువు ఆ సాయంత్రం దాకానే. కుదరకపోతే మర్నాటి నుంచి రానక్కర్లేదు.

పొద్దుట్నుంచీ వచ్చినవాళ్లెవరూ గుహ దాకా రాలేదు. ఒకాయన కొండ దగ్గరే ఆపి, "పాలు ఎటువైపమ్మా?" అన్నాడు.

మధ్యాహ్నం ఆమె ఇంటికి ఫోన్ చేసింది.

"మీరు అత్తగారని తెలియకూడదు, అత్తయ్యా. చుట్టాలైతే లెక్కలోకి రారట. నేను మేడమ్ అని పిలుస్తాను."

"పిలువు. ఇంట్లో ఎలాగూ ఆ భాగ్యం లేదు."

అత్తగారు పెళ్లిళ్లకు పట్టుకెళ్లే చేతిసంచి తీసుకుని వచ్చారు. అధికారి వెన్న డబ్బాల పక్కన ట్యాబ్ పట్టుకుని నిలబడ్డారు. అమ్మాయి ఆవుతో మొదలుపెట్టింది. అత్తగారు కొండ దాటారు. గుహలోకీ వచ్చారు.

"ఏడాదంతా చీకట్లోనేనా?"

"అవును మేడమ్. లైటు వేయరు."

"మా కోడలు వినాల్సిన మాట. ఆవిడ వంటింట్లో లైటు ఆర్పిన పాపాన పోదు."

అమ్మాయి నవ్వింది. (నవ్వు గురించి యాప్‌లో వేరే పాఠం ఉంది.) చెప్పాల్సినవన్నీ అయిపోయాయి. అత్తగారు ఇక చీజ్ అందుకుని వెళ్లిపోవాలి. అనుకున్నది అదే.

"ఇవన్నీ సరేనమ్మా, ఇంతకీ నువ్వు తిన్నావా? ఎలా ఉంది?" అన్నారు అత్తగారు.

అధికారి ట్యాబ్‌లోంచి తలెత్తారు.

తిన్నానంటే దొంగ. తినలేదంటే సరుకు తెలియనట్టు. అమ్మాయికి ఎదురుగా బ్రెడ్ కౌంటర్ కనిపిస్తోంది. దాని వెనక ఎవరూ లేరు.

"నేను తినలేదు మేడమ్," అంది. "నా అభిప్రాయం మీ నాలుకకు అడ్డు రాకూడదు కదండీ."

అధికారి ఆ మాట మళ్లీ చెప్పించుకుని మరీ రాసుకున్నారు. సాయంత్రానికల్లా ఆమె ఉద్యోగం పర్మనెంట్ అయింది. ఆ మాట యాప్‌లో పాఠమైంది. రుచి ప్రభావం సోకని ఉద్యోగి అని మెచ్చుకుని, బ్రెడ్ కౌంటర్‌కు వచ్చే కొత్తవాళ్లకు నేర్పే పని కూడా ఆమెకే అప్పగించారు.

అత్తగారు చీజ్ కొన్నారు. అంతసేపు విని ఉత్త చేతులతో వెళితే అనుమానం వస్తుందని.

రాత్రి భోజనాల దగ్గర ఆవిడే ముక్క కోసి నోట్లో వేసుకున్నారు. కాసేపు నమిలారు.

"సబ్బులా ఉందే! దీనికోసమా నన్ను అన్ని కొండలు తిప్పావు?" అని ఇంకో ముక్క కోడలి పళ్లెంలో వేశారు. "ఇప్పుడు మనింట్లోనే ఉన్నావుగా. తిని నిజం చెప్పు."

కోడలు ముక్క తీసి నోటి దాకా తెచ్చుకుని ఆగింది.

"బిల్లు ఉందా, అత్తయ్యా?"