తలుపు మీద పసుపు ముక్కోణం

ఆ ఉదయం ఇష్బెల్ రెనీ పథకం చాలా సాదాగా ఉంది. ఓట్స్ జావ తాగడం, నోట్సు ఓసారి తిరగేయడం, టాక్సీ ఎక్కి పరీక్షకు వెళ్లడం. గ్యాసో, ఆవిరో, పిండి ధూళో కమ్ముకుని చిన్న నిప్పురవ్వకే పేలిపోయే చోట్ల కరెంటు ఏర్పాట్లు ఎలా ఉండాలో నిర్ణయించే ఇంజనీరు ఆమె. డిజైను కింద సొంతంగా సంతకం పెట్టాలంటే సర్టిఫికెట్ కావాలి. రాతపరీక్షలో ఆమెకు తిరుగులేదు. వైవాలో మాత్రం పరీక్షకుడి మొహం చూడగానే నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. రెండుసార్లు అలాగే తప్పింది. ఈసారీ తప్పితే కొత్త గ్యాస్ టెర్మినల్ పని ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆఫీసులో మొహమాటం లేకుండా చెప్పారు.

భర్త లాక్లన్ బడిలో ఫిడేలు నేర్పుతాడు. చమురు పట్టణమైన అబర్డీన్‌లో ఆ వీధి మొత్తానికి చమురుతో సంబంధం లేని ప్రాణి అతనొక్కడే.

"ఈ స్టవ్ లీకయిందనుకో. ప్రమాదం ఎక్కడిదాకా?" అని తనలో తాను అనుకుంటూ ఇష్బెల్ వంటింటి నేల మీద సుద్దముక్కతో గీతలు గీస్తోంది.

"పిల్లి పాలగిన్నె గీత లోపలికొస్తుందా, బయటికా?" అన్నాడు లాక్లన్, నిజంగానే తెలుసుకోవాలని.

"నన్ను చదువుకోనివ్వవా బాబూ!"

అతనికి జాలేసింది. ఇరుగుపొరుగు శుభాకాంక్షలంటూ బెల్లు మీద బెల్లు కొడితే ఈమె చదివినట్టే. ఆమె సంచిలో పసుపు ముక్కోణపు పలక ఒకటి కనిపించింది. పేలుడు భయం ఉన్న చోట తగిలించే పలక అది. దాన్ని వీధి తలుపుకు తగిలించి వచ్చి, ఇక ఎవరూ బెల్లు కొట్టరనుకున్నాడు. ఆ మాట అక్షరాలా నిజమైంది.

పక్కింటి మాగ్నస్ లీపర్ సముద్రం మధ్య చమురు బావుల మీద జీవితమంతా భద్రతాధికారిగా చేసి రిటైరైనవాడు. కుక్కను తిప్పుతూ ఆ పలక చూసి కొయ్యబారిపోయాడు. ఇంకో ఊళ్లో అయితే ఎవరైనా బెల్లు కొట్టి సంగతేమిటని అడిగేవారు. ఈ వీధిలో అది కుదరదు. బెల్లులో నిప్పురవ్వ పుట్టొచ్చు, ఫోనులోనూ పుట్టొచ్చు. అందుకని మాగ్నస్ ఇంటింటికీ వెళ్లి వేలి కణుపులతో తలుపులు తట్టాడు. అందరూ ఆ విద్యలో పండినవాళ్లే. ఒక్కరూ లైటు ఆర్పలేదు, ఒక్కరూ కారు తీయలేదు. గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని డ్రెస్సింగ్ గౌన్లతోనే వీధి పైమూలకు చేరి, అక్కడినుంచి అగ్నిమాపక దళానికి ఫోన్ చేశారు.

"ఇష్బెల్, అందరూ ఆ మూల నిలబడ్డారేంటి?" అన్నాడు లాక్లన్ కిటికీలోంచి చూస్తూ.

ఇష్బెల్ వచ్చి చెయ్యి ఊపింది. వాళ్లు బయటికి రమ్మని రెండేసి చేతులు ఊపారు.

"నీకు గుడ్‌లక్ చెబుతున్నారే! ఎంత అభిమానమో!" అన్నాడు లాక్లన్. అతని కళ్లు చెమర్చాయి.

పలకరిద్దామని ఇష్బెల్ కిటికీ తెరిచింది. గుంపంతా ఒక్కసారిగా వెనక్కి జరిగింది. ఇదేం అభిమానమో ఆమెకు అంతుపట్టలేదు. ఇంతలో టాక్సీ డ్రైవరు ఫోన్ చేశాడు.

"వీధిలోకి రానివ్వట్లేదమ్మా. ఎవరింట్లోనో గ్యాసు లీకట."

"అవునా! ఎవరింట్లో?"

"పంతొమ్మిదో నంబరట."

అది వాళ్ల నంబరే. ఇంతమంది నిపుణులు గ్యాసుందంటే లేదనడానికి తానెవరు? ఇష్బెల్ చేతిలోని ఫోన్ను తేలును చూసినట్టు చూసి, మెల్లగా సోఫా మీద పెట్టింది.

"స్విచ్చు ముట్టుకోకు! పద, పద!"

వాళ్లు వీధి మూలకు చేరేసరికి మాగ్నస్ మండిపడుతున్నాడు. "పలక పెట్టి మరీ లోపల కూర్చుంటావా పిల్లా? బుద్ధుందా నీకు?"

"ఏ పలక?"

అందరూ లాక్లన్‌ వైపు చూశారు. లాక్లన్ తన చంకలో ఉన్న పిల్లిని చూశాడు.

గ్యాసు పసిగట్టే మీటరుతో వెళ్లిన ఫైరాఫీసరు తిరిగొచ్చి, "పంతొమ్మిదిలో ఏమీ లేదు. కానీ పక్కింటి షెడ్డు దాటుతుంటే ఇది గోలపెట్టింది" అన్నాడు.

పక్కిల్లు మాగ్నస్‌ది. దీపం కిందే చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు. మాగ్నస్ చెవులు ఎర్రబడ్డాయి.

"కొంచెం విస్కీ కాస్తున్నా... ఇంటి వాడకానికే."

ఇష్బెల్ పరీక్ష సంగతే మరిచిపోయింది. "లోపల మామూలు లైటేనా? స్విచ్చెక్కడుంది?"

"కిందే, పీపా పక్కన."

"అయ్యో మాగ్నస్! సారా ఆవిరి గాలికన్నా బరువు. నేల మీదే పాకుతుంది కదా!"

ఇంకా చేతిలోనే ఉన్న సుద్దముక్కతో పేవ్‌మెంటు మీద షెడ్డునూ, దాని చుట్టూ ప్రమాదం ఎక్కడిదాకానో చూపే గీతనూ గీయడం మొదలుపెట్టింది. మాగ్నస్ ఇంట్లో ముందురోజు దిగిన అతిథి, డ్రెస్సింగ్ గౌనులోనే ఉన్న ఒక బట్టతలాయన, పక్కనే వంగి చూశాడు.

"తలుపు తెరిచుంటే ఈ గీత ఎటు జరుగుతుంది?"

"బయటికి. తొక్కకండి."

"గాలి వీయకపోతే?"

"ఆవిరి చెదరదు, ఇంకా అవతలిదాకా గీయాలి. వెలుతురుకి అడ్డు లేవండి పెద్దాయనా! ఇవన్నీ మీకెందుకు?"

"ఊరికే, తెలుసుకుందామని" అన్నాడాయన.

వీధి తెరిచేసరికి మధ్యాహ్నమైంది. ఇక అంతా అయిపోయిందనుకుంటూనే ఇష్బెల్ పరీక్ష హాలుకు పరుగెత్తింది. చిత్రంగా పరీక్ష ఇంకా మొదలే కాలేదు. పరీక్షకుడు కూడా ఎక్కడో ఇరుక్కుపోయాడట. అంతలో ఆయన కోటూ టై సవరించుకుంటూ వచ్చాడు. ఆ బట్టతల చూడగానే ఆమె నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

"సర్... నా వైవా..."

"పొద్దున్నే అయిపోయిందిగా. వెళ్లి రాతపరీక్ష రాయండి. మీ గీతలు తొక్కనులెండి."

సర్టిఫికెట్ వచ్చింది, టెర్మినల్ పనీ వచ్చింది. మాగ్నస్ బుద్ధిగా విస్కీ కాయడానికి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఇష్బెల్ మొదటి సంతకం అతని షెడ్డు డిజైను కిందే పడింది. పసుపు పలక ఇప్పుడు ఆ షెడ్డు తలుపు మీద ఉంది. దాన్ని చూసి వీధిలో ఎవరూ పారిపోవడం లేదు. శనివారాలైతే గ్లాసులు పట్టుకుని వరస కడుతున్నారు.