సీతాఫలాల గుట్టలో సమాన వాటా

"ఈ గుట్ట మీద పెట్టుబడికెంత హక్కుందో, ప్రజలకూ అంతే హక్కుంది. ఒక్క ఆకు తేడా వచ్చినా ఊరుకోను" అని మంత్రిగారు శామీర్‌పేటలో ప్రకటించినప్పుడు నా కళ్లు చెమర్చాయి. మేడ్చల్‌లో నాకు ఫోటో స్టూడియో ఉంది. ఆయన సభలన్నిటికీ ఫోటోలు తీసే భాగ్యం నాదే.

సంగతేమిటంటే, ఊరి పక్క గుట్ట నిండా సీతాఫలం చెట్లు. ఆడవాళ్లు పండ్లు తెంపి హైవే మీద అమ్ముకుంటారు. దుర్గాబాయి ఇల్లయితే ఏడాదంతా ఆ ఒక్క సీజన్ మీదే నడుస్తుంది. ఇందులో సంరక్షణ గానీ, పెట్టుబడి గానీ లేకపోవడం ప్రభుత్వాన్ని చాలా బాధించింది. అందుకని ఐస్‌క్రీమ్‌కు గుజ్జు తీసే కంపెనీని పిలిచి, గుట్ట చుట్టూ కంచె వేయించి, చెట్టు మీదిదంతా ఊరికి సగం, కంపెనీకి సగం అన్నారు.

పంపకం ఆఫీసర్ పరమేశ్ గారి బాధ్యత. ఎవరికీ అన్యాయం చేసే మనిషి కాదు. బాగా ఆలోచించి పండ్లు కంపెనీకి, ఆకులు ఊరికి అని తేల్చారు. తూకం వేస్తే ఊరి వాటాయే కాస్త ఎక్కువ వస్తుందట.

"ఆకులేం జేసుకోవాలె సారూ?" అంది దుర్గాబాయి.

"మీకు మేకలున్నాయి కదమ్మా."

"సీతాఫలం ఆకు మేక ముట్టది సారూ. వాసనకే మొఖం తిప్పుకుంటది."

"అలవాటు లేక. అవగాహన సదస్సు పెడదాం."

పెట్టారు. పేట్ బషీరాబాద్ ఫంక్షన్ హాల్లో, మైకుతో సహా. మేకలను తోలుకొచ్చిన షౌకత్‌కు శాలువా కప్పారు. పరమేశ్ గారు అరగంట ప్రసంగించి, ఆకుల కొమ్మ వాటి ముందు పెట్టారు. మేకలు కొమ్మను వదిలేసి ఆయన పూలదండ తిన్నాయి.

"జిద్దీ జానవర్లు సార్. పరేషాన్ గాకుండ్రి" అన్నాడు షౌకత్.

"స్పందన బాగుంది" అన్నారు పరమేశ్ గారు.

ఇక ప్రారంభోత్సవం. హోర్డింగ్ కోసం సంతోషంగా ఉన్న లబ్ధిదారు ఫోటో కావాలన్నారు. దుర్గాబాయి ఆకుల గంపతో నిలబడింది. ఎటు నుంచి చూసినా సంతోషం పడలేదు. పరమేశ్ గారే కంపెనీ లారీలోంచి గంపెడు పండ్లు దింపించి ఆమె చేతికిచ్చారు.

"జర నవ్వు అవ్వా" అన్నాను.

"గివి నాకేనా బిడ్డా?"

"ముందు నవ్వు."

ఎంత బాగా నవ్విందో. మా అమ్మ గుర్తొచ్చింది. ఫ్లాష్ వెలగగానే గంప మళ్లీ లారీ ఎక్కింది.

మేడ్చల్ చౌరస్తాలో ఆ హోర్డింగ్ లేచిన రోజే కంపెనీ మేనేజరు కారాపి చాలాసేపు చూశాడు. పండ్లు తమ వాటా కదా, ఈమె గంపలోకి ఎలా వచ్చాయని ఫిర్యాదు పెట్టాడు. పరమేశ్ గారు పక్షపాతం ఎరగని మనిషి. దుర్గాబాయి మీద దొంగతనం కేసు పెట్టించారు.

ఆమె స్టూడియోకొచ్చింది. "నవ్వమన్నది నువ్వే గద బిడ్డా. జర కోర్టుకొచ్చి చెప్పు."

నాకు నిజంగా బాధేసింది. మంత్రిగారి తర్వాతి సభ ఎప్పుడో కూడా గుర్తొచ్చింది. చూద్దాంలే అవ్వా అన్నాను.

నిన్న పరమేశ్ గారు జీపు పంపారు. అదే ఫోటో రెండు కాపీలు కావాలట. ఒకటి ఢిల్లీకి, ఉత్తమ పథకం అవార్డు కోసం. అందులో నవ్వు బాగా కనబడాలి. రెండోది కోర్టుకు. అందులో పండ్లు బాగా కనబడాలి.

చెయ్యి తిరిగినవాణ్ణి. రెండూ బాగా వచ్చాయి.