పన్నెండో గడియారం

గడియారాలు బాగుచేసే ఆయన ఇంట్లో టైమెంతో ఎవరికీ తెలియదు. ఇది గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు. ఆ ఇంట్లో పదిహేనేళ్లుగా కాపురం చేస్తున్న ఇల్లాలి వాంగ్మూలం.

ముందు గది దుకాణం, వెనక గదుల్లో కాపురం. దుకాణంలో చోటు చాలక, బాగుకొచ్చిన గోడ గడియారాలు కాపురంలోకి కూడా వచ్చేశాయి. హాల్లో ఐదు, పడగ్గదిలో మూడు, వంటింట్లో రెండు, స్నానాలగది తలుపు మీద ఒకటి. పదకొండింటివీ పదకొండు దారులు. ఎనిమిది కొట్టడం మొదలుపెడితే చివరిది ముగించేసరికి పావుగంట పట్టేది. ఇల్లాలు మాత్రం "హాల్లో మూడోది కొట్టిందంటే అసలు ఎనిమిదికి ఇంకా నాలుగు నిమిషాలుంది" అని లెక్కగట్టి పిల్లని బడికి పంపేది. ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు.

ఫోన్‌లో చూసుకోవచ్చుగా అంటారేమో. ఆ ఇంట్లో ఫోన్‌లో టైము చూడటం నేరం. "దర్జీ ఇంట్లోవాళ్లు రెడీమేడ్ చొక్కాలు తొడుక్కుంటారా?" అని గడియారాలాయన ఒకనాడు గట్టిగా అడిగి, ఆ రోజు నుంచే చట్టం అమల్లో పెట్టాడు. ఫోన్లు సొరుగులో ఉంటాయి.

ఇంత నిష్ఠ గల మనిషికి వారంలో ఒక్కటే కష్టం. అది ఆదివారం.

గ్రంథాలయం వెనక మైదానంలో ఆదివారం ఆదివారం రైతుల సంత పెడతారు. ఏడింటికి గంట కొట్టి తెరుస్తారు, తొమ్మిదికి గంట కొట్టి మూస్తారు. ఒక పక్క కూరలు, పళ్లు. ఇంకో పక్క బల్లలు, బెంచీలు, పొయ్యిలు. అక్కడే వేడి రొట్టె, వెన్న, తేనె, పెనం మీద నుంచి నేరుగా పళ్లెంలో పడే ఆమ్లెట్టు. రెండేళ్లుగా ఇల్లాలు ఒక్క ఆదివారం తప్పలేదు. ఆరింటికల్లా అందరినీ లేపి బయల్దేరదీసేది. వానైనా సరే, జ్వరమైనా సరే.

గడియారాలాయనకేమో ఆరు రోజులు కంటికి అద్దం తగిలించుకుని, మెడ వంచి, గింజంత చక్రాలు బిగించే పని. ఏడో రోజు ఎనిమిదిదాకా పడుకోవాలని ఆశ. ఆ ఆశ తీరకుండానే పోతానేమోనని దిగులు.

ముందు మర్యాదగానే అడిగాడు.

"ఏమే, ఆ ఆమ్లెట్టు ఇంట్లో వేసుకోలేమా?"

"ఎందుకు వేసుకోలేమూ? గుడ్లున్నాయి, పొయ్యి ఉంది."

"మరి?"

"వేసేదెవరు?"

"నువ్వే. ఇంకెవరు?"

"అదీ సంగతి" అంది ఇల్లాలు, సంచులు దులుపుతూ.

ఏది సంగతో ఆయనకి అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని అడిగి తెలుసుకునే అలవాటు ఆయనకి గడియారాల విషయంలోనే ఉంది.

అలా పుట్టింది పథకం. ఇంట్లో గడియారాలన్నీ రెండు గంటలు వెనక్కి తిప్పేస్తే సరి. ఆరైందని లేచేసరికి అసలు ఎనిమిదవుతుంది. తయారై సంతకి చేరేసరికి మూసే గంట కొడతారు. "అయ్యో, ఇవాళ తొందరగా మూసేశారే" అని తానే ముందుగా విచారం వెలిబుచ్చాలి. ఆ విచారం ఎంతసేపు ఉండాలో కూడా నిర్ణయించుకున్నాడు.

శనివారం సాయంత్రం ఇల్లాలు మేడమీద బట్టలు తీస్తోంది. ఆయన తల్లి, పెద్దావిడ, కునికిపాట్లు పడుతోంది. తొమ్మిదేళ్ల కూతురు బయట ఆడుకుంటోంది. ఆ పిల్లకి ఇంట్లో పేరు ప్రశ్నపత్రం. ఏం చూసినా ఐదు మార్కుల ప్రశ్న వేస్తుంది కాబట్టి, అది లేనప్పుడే పని కానివ్వాలి.

కుర్చీ వేసుకుని పదకొండు గడియారాలూ తిప్పాడు. దుకాణం బల్ల మీద ఇత్తడిది ఇంకొకటుంది, చేతి ఊపులో దాన్నీ తిప్పేశాడు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ పనివాడి చెయ్యి ఊరుకోదు. ముళ్లు తిప్పుతూ తిప్పుతూ ఒకదాని లోలకం సరిచేశాడు, ఇంకోదానికి నూనె చుక్క వేశాడు. దొంగపనైనా సొగసుగా చెయ్యాలనిపించింది పాపం. చివరికి అన్నీ సెకను తేడా లేకుండా నిలబడ్డాయి. చూసుకుని కళ్లు చెమర్చాయి. తృప్తిగా స్నానానికి వెళ్లాడు.

ఇల్లాలు బట్టలతో కిందికి దిగుతుండగా పదకొండు గడియారాలూ ఒక్కసారే నాలుగు కొట్టాయి.

గిన్నెలు అదిరాయి. పెద్దావిడ ఉలిక్కిపడి లేచి "ఎవరు పోయారు?" అంది. ఇల్లాలు మెట్టు మీదే ఆగిపోయింది. పదిహేనేళ్లలో ఆ ఇంట్లో ఏ రెండు గడియారాలకీ పొత్తు కుదరలేదు.

"ఎంతైందండీ?" అని స్నానాలగది తలుపు దగ్గరికి వెళ్లి అడిగింది.

"నాలుగు. వినపళ్లేదూ?"

"వినపడింది. అన్నీ కలిసి వినపడ్డాయి."

ఆయన దాన్ని మెచ్చుకోలు అనుకుని ఇంకో చెంబు నీళ్లు పోసుకున్నాడు.

ఇల్లాలు వంటింట్లోకి వెళ్లింది. ఆయన నీళ్లు పోసుకుంటూనే ఉన్నాడు. ఆ సమయంలోనే దుకాణం గుమ్మంలోకి సంత అధికారి వచ్చాడు.

ఈయన్ని ఊరంతా రూళ్లకర్ర అంటుంది. నిలువుగా ఉంటాడు, గీసిన గీత దాటడు. సంత గంట కొట్టేది ఈయనే, అదీ ఆఫీసు గడియారం చూసి మాత్రమే. ఆ గడియారం పది రోజుల కింద ఆగిపోతే బాగుకిచ్చాడు. కిందటి ఆదివారం రొట్టెలావిణ్ణి టైము అడిగి గంట కొట్టాల్సి వచ్చిందని వారమంతా అన్నం సయించలేదట.

"మా ఇత్తడి గడియారం అయిందా అమ్మా?"

"అయింది నాయనా. ఇప్పుడే అన్నీ చూసి పెట్టాడు" అని పెద్దావిడ బల్ల మీదున్న పన్నెండో గడియారాన్ని తీసిచ్చింది.

రూళ్లకర్ర దాన్ని రెండు చేతులతో అందుకుని చూశాడు. "నాలుగూ పదేనా? నాకు ఆరు దాటినట్టుంది. పది రోజులు గడియారం లేకపోతే మనిషి ఇలాగే అయిపోతాడు" అని నిట్టూర్చి వెళ్లిపోయాడు. వెళ్లాక పెద్దావిడ మళ్లీ కునికింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"నాన్నా, ఆరుకే ఎందుకంత నిద్రొస్తోంది?" అని భోజనాల దగ్గర ప్రశ్నపత్రం అడిగింది.

"ఎండాకాలం" అన్నాడు తండ్రి.

"ఎండాకాలమైతే చీకటెందుకు పడింది?"

"తిను" అంది తల్లి. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఇంత అమాయకురాల్ని మోసం చేస్తున్నానే అని కొంచెం జాలి కూడా వేసింది.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు.

ఆదివారం ఆయనకి మెలకువ వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పడగ్గది గడియారాలు మూడూ ఒకే మాట మీద ఏడూ పది చూపిస్తున్నాయి. ఎవరూ లేపలేదేమా అనుకుని హాల్లోకి వచ్చాడు. ఎవరూ లేరు. వంటింట్లో గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి, పొయ్యి చల్లగా ఉంది. ఫోన్ల సొరుగు బార్లా తెరిచి ఉంది. ఆయన చెప్పుల మీద ఒక కాగితం, కూతురి చేతిరాత.

"నాన్నా, మేము అసలు టైముకి వెళ్తున్నాం. నువ్వు నీ టైముకి రా."

తలుపు మూసుకుని పడుకుంటే పోయేది. నవ్వులపాలైనా నిద్ర దక్కేది. కానీ వీధి తలుపు వేద్దామని దుకాణంలోకి వెళ్లి బల్ల వైపు చూశాడు. పన్నెండో గడియారం ఉండాల్సిన చోట దుమ్ములో గుండ్రటి మచ్చ మాత్రం ఉంది.

రూళ్లకర్ర ఆఫీసు గడియారం. సంత గంట. ఊరంతా ఆ గంట మీదే తింటుంది. తాతనాటి దుకాణం, "ఒక్క నిమిషం తేడా ఉండదు" అని తన చేత్తో రాసుకున్న బోర్డు కళ్లముందు తిరిగాయి. పడుకునే లాగూతోనే పరుగెత్తాడు.

మైదానంలో జాతరలా ఉంది. ఏడింటికి మోగాల్సిన గంట తొమ్మిదికి మోగిందట. రెండు గంటలపాటు రొట్టెలూ జనమూ ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ కూర్చున్నారట. గంట కొట్టనిదే అమ్మకం లేదు, అది రూలు. ఫోన్లు తీసి చూపించినవాళ్లకి రూళ్లకర్ర ఒకటే సమాధానం చెప్పాడట. "ఇది గడియారాలాయన బాగుచేసిచ్చింది. మీ ఫోన్లు ఎవరు బాగుచేశారు?"

"నా పెనం రెండు గంటలు ఊరికే కాలింది" అని ఆమ్లెట్టావిడ అరుస్తోంది. "ఆ మహానుభావుడు కనపడితే పెనం మీద కూర్చోబెడతాను."

మహానుభావుడు క్యాబేజీ బండి వెనక నక్కాడు. ఆ సందులోంచి తన వాళ్లు కనపడ్డారు.

చింపిరి జుట్టుతో కూతురు, తేనె నాకుతూ తల్లి. వాళ్లిద్దరి మధ్య ఇల్లాలు. ఆమె కూర్చుని ఉంది. ముందున్న పళ్లెంలోంచి పొగ వస్తోంది. రొట్టె తుంచి, వెన్న కరిగేదాకా ఆగి, నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుంది. తొందర లేదు. ఎవరో పిలుస్తారని చెవి అటు పారేసి లేదు. నమిలి, మింగి, మళ్లీ తుంచింది.

ఆయన చూస్తూ ఉండిపోయాడు. ఇంట్లో ఆమె తినడం ఎప్పుడు చూశానా అని గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు. గట్టు పక్కన నిలబడి, ఒక చేత్తో గరిటె పట్టుకుని, అందరి పళ్లాలూ అయ్యాక చల్లారిందేదో నోట్లో వేసుకోవడం మాత్రం గుర్తొచ్చింది. అదీ వెనక నుంచి చూసినట్టు. పదిహేనేళ్ల కాపురంలో, అదీ ఈ రెండేళ్లుగానే, వారానికొక్కసారి ఒక్క వేడి పళ్లెం. దాన్ని తను రెండు గంటలు వెనక్కి తిప్పాడు. "వేసేదెవరు?" అన్న మాట ఇప్పుడు అర్థమైంది. సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

"నాన్నా! క్యాబేజీల వెనకెందుకు కూర్చున్నావ్?"

ప్రశ్నపత్రం గొంతు మైదానమంతా వినపడింది. జనం తిరిగారు. రూళ్లకర్ర ఇత్తడి గడియారం చంకన పెట్టుకుని నిలువునా నడిచొచ్చాడు. ఆయన వెనక ఆమ్లెట్టావిడ, గరిటెతో సహా.

"ఏమయ్యా, ఇది ఏడున్నర అంటోంది. లోకం తొమ్మిదిన్నర అంటోంది. ఎవరిది తప్పు?"

గడియారాలాయన నోరు తెరిచాడు.

"ఒక్క నిమిషం ఆగండి. తింటున్నాను" అంది ఇల్లాలు.

రూళ్లకర్ర ఆగాడు. ఊరూ ఆగింది. ఆమె చివరి ముక్క తిని, చెయ్యి తుడుచుకుని, అప్పుడు తలెత్తింది.

"గడియారంలో దోషం లేదండీ. బాగుచేశాక ఒక్క సెకను తేడా రాలేదు, కావాలంటే చూసుకోండి. ఆదివారం అందరూ కాస్త ఎక్కువసేపు పడుకుంటే బాగుంటుందని మావారి ఆశయం. ఇంట్లో గడియారాలు వెనక్కి తిప్పారు. మీది కూడా మా ఇంటిదే అనుకుని తిప్పేశారు. తెలిసిన మరుక్షణం, చూడండి, లాగూ మార్చుకోకుండా పరుగెత్తుకొచ్చారు."

జనం లాగూ వంక చూశారు. కోపంగా ఉన్నవాళ్లకి కూడా నవ్వాగలేదు.

"అయినా తప్పు తప్పే. అందుకని ఇకనుంచి ప్రతి ఆదివారం ఐదున్నరకే వచ్చి, మీ గడియారం సరిచూసి, గంట మోగేదాకా మీ పక్కనే నిలబడతారు. ఉచితంగా" అంది ఇల్లాలు.

"ఐదున్నరకా?" అన్నాడు గడియారాలాయన.

"ఐదింటికి లేస్తే సరిపోతుందిరా" అంది తల్లి, వేలు నాకుతూ.

రూళ్లకర్ర జేబులోంచి పుస్తకం తీసి అది రూలుగా రాసుకున్నాడు. ఆయన పుస్తకంలోకెక్కింది ఇక చెరగదు.

జనం చెదిరాక ఆయన బెంచీ చివర కుక్కిన పేనులా కూర్చున్నాడు.

"అది నేను తిప్పిన గడియారమేనని నీకు చూడగానే తెలిసుంటుంది. అప్పుడే చెప్పకపోయావా?"

"మీరు పరుగెత్తుకు రాకముందే చెబితే రేపట్నుంచి మీ దుకాణానికి ఎవరొస్తారు?" అంది ఆమె. ఖాళీ పళ్లెం పక్కకి జరిపి, "అయినా రెండు గంటలు ఊరికే కూర్చున్నాను. బాగుంది" అంది.

ఆయన లేచి వెళ్లి, ఆమ్లెట్టావిడ తిట్లు వరసలో నిలబడి తిని, ఇంకో వేడి పళ్లెం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

సోమవారం పొద్దున ఇల్లాలు వంటింట్లోకి వచ్చేసరికి పొయ్యి మీద పెనం ఉంది, పెనం ముందు మొగుడున్నాడు. ఆమ్లెట్టు అంచులు మాడాయి, నడుమ పచ్చిగా ఉంది. దాన్ని పళ్లెంలో వేసి, పీట లాగి, "నువ్వు కూర్చో. వేడిగా ఉండగా తిను" అన్నాడు.

ఆమె పళ్లెం చూసింది. మొగుణ్ణి చూసింది. తర్వాత వంటింటి గడియారాలు రెండూ, గుమ్మంలోంచి హాల్లో ఐదూ ఒక్కొక్కటే పరీక్షగా చూసింది.

"ఏమండీ, ఈసారి ఏది తిప్పారు?"

"ఒట్టు. నిన్న అన్నీ సరిచేశాక ఏదీ ముట్టుకోలేదు."

ఆమె నమ్మలేదు. కానీ కూర్చుంది. హాల్లో మొదటి గడియారం ఎనిమిది కొట్టడం మొదలుపెట్టింది. నూనె చుక్క పని అప్పటికే అయిపోయి, అన్నీ మళ్లీ ఎవరి దారి వాళ్లు పట్టాయి. చివరిది కొట్టడం ముగించేసరికి పావుగంట పట్టింది. అంతసేపూ ఆమె లేవలేదు.