పెద్దమనుషుల గేటు

డబ్బు అనే మురికి తమ క్రికెట్‌కు అంటకుండా కాపాడతామని వెల్డన్‌షైర్ క్లబ్బు అధ్యక్షులు లార్డ్ హేవర్‌షామ్ గారు వార్షిక విందులో శపథం చేశారు. కౌజు పిట్టల వడ్డన పూర్తయ్యాక చేసిన శపథం కాబట్టి సభ్యులందరూ నిండు మనసుతో చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టినవాడు గౌరవ కార్యదర్శి సెప్టిమస్ విటిల్.

గౌరవ కార్యదర్శి అంటే జీతం లేని కార్యదర్శి. విటిల్ బ్యాంకు గుమాస్తాగా రిటైరై, చాలీచాలని పింఛనుతో ఒంటి గదిలో ఉంటూ క్లబ్బు చాకిరీ అంతా ఊరికే చేస్తున్నాడు. అందుకు అతనికి దక్కింది ఒక్కటే, నడిమి గేటు. ఆటను ఆట కోసమే ఆడే పెద్దమనుషులు ఆ గేటులోంచి వస్తారు. కూలికి ఆడేవాళ్లు బొగ్గుల కొట్టు పక్కనున్న చిన్న గేటులోంచి వస్తారు. స్కోరు కార్డులో పెద్దమనిషి పేరు ముందు మిస్టర్ అని అచ్చు వేస్తారు, కూలివాడిది మొండి పేరు. నడిమి గేటు కాపలావాడు రోజూ టోపీ తీసి "గుడ్ మార్నింగ్, మిస్టర్ విటిల్" అంటే చాలు, అతని కడుపు నిండిపోయేది. కొన్ని రోజులు దాంతోనే నింపుకోవలసి వచ్చేది కూడా.

శపథం చేసిన మర్నాడే బౌలర్ జేబెజ్ క్లెగ్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"సెక్రటరీ గారూ, మ్యాచికి ఐదు పౌన్లు చాలట్లేదండి. రైలూ, బసా, తిండీ అన్నీ అందులోనే. ఇంకో పౌను ఇప్పించండి."

"ఆట మీద నీకు ప్రేమ లేదా, క్లెగ్?"

"బోలెడుందండి. మా ఇంటివాడే దాన్ని అద్దె కింద జమ కట్టుకోనంటున్నాడు."

కమిటీ ఆ కోరికను దురాశ అని తేల్చి తోసిపుచ్చింది. అదే సమావేశంలో ఒక పిడుగులాంటి వార్త వచ్చింది. గురువారం మ్యాచికి కెప్టెన్ మిస్టర్ పెరెగ్రిన్ ట్రస్కాట్ గారు రాకపోవచ్చట. కెప్టెన్ గారు జీవితంలో పైసా ముట్టని మహానుభావులు. విటిల్ పరుగు పరుగున రోడ్డు దాటి వారింటికి వెళ్లాడు. వారి ఇల్లు మైదానానికి ఎదురుగానే ఉంది.

"డబ్బు మాట ఎత్తారంటే నా బ్యాటు విరిచేస్తాను, విటిల్."

"అయ్యయ్యో, ఎత్తనండి."

"ఎంత ఎత్తరు?"

విటిల్ బ్యాంకులో పని చేసినవాడు కాబట్టి ఆ ప్రశ్న వెంటనే అర్థమైంది. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఈ మ్యాచే లేకపోతే తమరు ఎక్కడుండేవారండి?"

"స్కాట్లండ్‌లో, మా మేనత్త దగ్గర."

"అయితే తమరు అక్కణ్ణుంచి వస్తున్నట్టే కదండీ. రానూపోనూ రైలు ఛార్జీ ఇచ్చుకుంటాం."

"మా కుక్కో?"

"అది కూడా వస్తుందాండీ?"

"ఫస్టు క్లాసైతే వస్తుంది." కెప్టెన్ గారు కిటికీలోంచి మైదానం వైపు దిగులుగా చూశారు. "ఇవన్నీ పుచ్చుకోవాలంటే మనసు కుంగిపోతోంది, విటిల్."

"ఆ కుంగుబాటుకి కూడా ఏదో ఒకటి చూస్తామండి."

రైలు ఛార్జీ, శునక భత్యం, మేనత్త ఎడబాటు, డబ్బు ముట్టవలసి వచ్చినందుకు మనస్తాప పరిహారం, వెరసి ఎనభై పౌన్లు. జీతం అన్న పాడు మాట ఎక్కడా లేదు. కమిటీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

"మాట దొరికితే మైల పడదు," అన్నారు లార్డ్ గారు. "మాటలు వెతకడంలో మీ తరవాతే ఎవరైనా, మిస్టర్ విటిల్."

బుధవారం జోరున వాన. కెప్టెన్ గారి అదృష్ట టోపీ దర్జీ దగ్గర ఉండిపోయింది. విటిల్ గుర్రపు బస్సెక్కి ఊరి ఆ చివరికి వెళ్లి, టోపీని కోటు లోపల దాచి తెచ్చాడు. అతని బూటు అట్ట ఊడిపోయింది. బస్సుకిచ్చిన నాలుగు పెన్నీలు ఆ రాత్రి భోజనం డబ్బులు.

గురువారం క్లెగ్ ఎనిమిది వికెట్లు తీశాడు, అయితే అది డబ్బు కోసం. కెప్టెన్ గారు ఆ టోపీ పెట్టుకుని ఎంతో హుందాగా సున్నాకి అవుటయ్యారు. సాయంత్రం విందులో విటిల్ లార్డ్ గారి కుర్చీ వెనక వంగి నిలబడ్డాడు.

"ప్రభూ, నాకు నాలుగు పెన్నీలు రావాలండి. బస్సు ఛార్జీ."

"మీరు స్కాట్లండ్ నుంచి వచ్చారా?"

"కాదండి, దర్జీ కొట్టు నుంచి."

"మేనత్త ఉందా?"

"పోయిందండి."

"కుక్క?"

"లేదండి."

"మరి దేని కింద ఇమ్మంటారు?"

ఎందరికో ఎన్నో మాటలు వెతికి పెట్టిన విటిల్‌కు తన కోసం ఒక్క మాట తట్టలేదు. నిన్న రాత్రి నుంచి తిండి లేదు, తడి మేజోడు చల్లగా పాదానికి అంటుకుంటోంది. నోట్లోంచి ఉన్న మాటే జారిపోయింది.

"నా కూలి అనుకోండి, ప్రభూ."

బల్ల చుట్టూ ఫోర్కులు ఆగిపోయాయి. లార్డ్ గారు రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున నడిమి గేటు కాపలావాడు టోపీ తియ్యలేదు.

"పక్క గేటు, విటిల్."

బొగ్గుల కొట్టు దగ్గర క్లెగ్ బల్ల మీద జరిగి చోటిచ్చాడు.

"రావయ్యా విటిల్, కూర్చో. ఇంతకీ ఆ నాలుగు పెన్నీలు ఇచ్చారా?"

"పరిశీలనలో ఉందట."

క్లెగ్ తన రొట్టే జున్నూ సగం చేసి అతని చేతిలో పెట్టాడు. విటిల్ ఇంకా కొరకక ముందే మేడ మీద లార్డ్ గారి గొంతు ఖంగుమంది. ఖాళీ అయిన గౌరవ కార్యదర్శి పదవిని పైసా జీతం లేకుండా, ఏడాదికి రెండు వందల పౌన్ల ఖర్చులతో మాత్రమే స్వీకరించడానికి మిస్టర్ ట్రస్కాట్ గారు పెద్ద మనసుతో ఒప్పుకున్నారట. మైదానమంతా చప్పట్లు మారుమోగాయి.

విటిల్ రొట్టె పక్కన పెట్టి తనూ కొట్టాడు.