కాలరు నుంచి గుండీ దాకా ఒకే పాట

సోమవారం పొద్దున చొక్కాల ఫ్యాక్టరీలో గంట మోగడానికి పావుగంట ముందే సూపర్‌వైజరక్క తన బల్ల దగ్గరికి చేరింది. ఆ రోజుకి ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. గంట మోగేలోపు ఒక తేలికైన పాట ఎంచాలి, మోగాక చొక్కాలు కుట్టించాలి. శుక్రవారం సాయంత్రం ఫ్యాక్టరీ వార్షికోత్సవంలో కరవోకే పోటీ ఉంది. వెనక సంగీతం వస్తుంది, తెర మీద మాటలు కనిపిస్తాయి, మైకు పట్టుకుని పాడేయడమే. విభాగం మొత్తం పాడాలని, గెలిచినవాళ్ళకి కిటికీల వైపు హాలు ఇస్తానని మేనేజరు నోటీసు బోర్డు మీద సంతకంతో సహా పెట్టాడు.

ఆమె విభాగం, అంటే కుట్టు లైను, ఇస్త్రీ బల్లల పక్కన ఉంది. పొద్దు గూకేదాకా ఆవిరే. కిందటి ఎండాకాలం కాలరు పిన్ని రెండుసార్లు కళ్ళు తిరిగి మిషను మీద వాలిపోయింది. రెండుసార్లూ మొహాన నీళ్ళు చల్లింది సూపర్‌వైజరక్కే. మూడోసారి చల్లే ధైర్యం ఆమెకు లేదు. ఆ కిటికీలు పిన్ని కోసం కావాలి, ఎలాగైనా కావాలి. చిక్కల్లా ఏమిటంటే, లైనులో ఉన్న ఆరుగురు ఆడవాళ్ళలో ఒక్కరూ పుట్టి బుద్ధెరిగాక నలుగురి ముందు పాడినవాళ్ళు కారు.

గంట మోగేలోపు ఏదీ తేలక, టీ విరామంలో పాటల ఎంపిక మొదలైంది. మొదటి పాట విని కాలరు పిన్ని తల అడ్డంగా ఊపింది.

"రెండో ముక్క పైకి పోతోందమ్మాయ్. అక్కడికి నా గొంతు పోవాలంటే నిచ్చెన వెయ్యాలి."

రెండో పాట మరీ హడావిడిగా ఉందని అందరూ వద్దన్నారు. మూడోది పసిపిల్లలు కూడా పాడేది. దానికి కాజాల వదిన ఒప్పుకోలేదు. కాజాలు కుట్టే మనిషి కదా, ఏ మాటనైనా సన్నగా కోసి చూస్తుంది.

"అందరికీ వచ్చిన పాటలో తప్పు పాడితే అందరికీ తెలిసిపోతుందక్కా. ఎవరికీ రాని పాట చూడు."

ఎవరికీ రాని పాట దొరికింది. అది వీళ్ళకీ రాదు.

చివరికి వాన మీద ఒక పాత పాట కుదిరింది. పన్నెండే పంక్తులు. పైకి పోదు, కిందికి దిగదు, పంక్తికీ పంక్తికీ మధ్య వేణువు వాయించి ఊపిరి తీసుకోనిస్తుంది. ఇంతకంటే తేలికైన పాట కావాలంటే నోరు మూసుకుని నిలబడాల్సిందే. అయినా ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పాటంతా అంటే భయంగా ఉందక్కా," అంది జేబులు కుట్టే చెల్లి.

అప్పుడు సూపర్‌వైజరక్కకి మెరుపు లాంటి ఆలోచన వచ్చింది. ఆమెకు తెలిసిన విద్య ఒకటే. ఆ లైనులో చొక్కా మొత్తం కుట్టగలిగినవాళ్ళు ఎవరూ లేరు. ఒకరు కాలరు, ఒకరు జేబు, ఒకరు చెయ్యి, ఒకరు కఫ్, ఒకరు కాజా, ఒకరు గుండీ. అయినా రోజుకి ఎనిమిది వందల చొక్కాలు బయటికి పోతున్నాయి. పాట మాత్రం ఎందుకు పోదు? పన్నెండు పంక్తుల్నీ తన చేత్తో చీటీల మీద రాసి మనిషికి రెండు చొప్పున పంచేసింది. మైకు చేతికొచ్చాక తన ముక్క పాడి పక్కవాళ్ళకి అందించాలి.

"రెండు ముక్కలేనా? ఆ మాత్రానికి భయమెందుకు," అంది పిన్ని. అందరి మొహాలూ విచ్చుకున్నాయి.

నాలుగు రోజులు ఎవరి మిషను దగ్గర వాళ్ళు తమ రెండు పంక్తులనీ అరగదీశారు. ఆరుగురూ కలిసి ఒక్కసారైనా పాడి చూసుకోలేదు. ఎందుకు చూసుకోవాలి? గుండీలు కుట్టే అమ్మాయి కాలరు కుట్టడం ఎప్పుడైనా చూసిందా? సూపర్‌వైజరక్క తనకి మాత్రం ఏ ముక్కా ఉంచుకోలేదు. చిన్నప్పుడు ఒక పెళ్ళిలో ఆమె పాడితే బంధువులంతా పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత ఆమె స్నానాల గదిలో కూడా పాడలేదు.

శుక్రవారం సాయంత్రం ముందు ప్యాకింగ్ విభాగం పాడింది. అందులో ఒకావిడ గొంతు తేనె. ఆవిడ పాడుతుంటే మిగతా అయిదుగురు కట్టి పెట్టిన పార్సెళ్ళలా పక్కన నిలబడ్డారు. హాలంతా చప్పట్లు.

తర్వాత వానపాట మొదలైంది. కాలరు పిన్ని తన రెండు పంక్తులూ పాడి మైకు జేబుల చెల్లికి అందించింది. చెల్లి మైకు తీసుకుంది. పాడలేదు. తిరిగి పిన్నికే ఇచ్చింది.

"పిన్నీ, రెండోది జారింది. సరిచేసి ఇవ్వు."

ఆ మాట మైకులో హాలంతా వినబడింది. లైనులో నియమం అదే మరి. తప్పున్న ముక్క ముందుకు పోకూడదు, చేసినవాళ్ళకే తిరిగి పోవాలి. ఆ నియమం రాసి గోడకి అంటించిందీ, తప్పినవాళ్ళని చెడామడా తిట్టిందీ సూపర్‌వైజరక్కే. పిన్ని బుద్ధిగా రెండో పంక్తి మళ్ళీ పాడింది. ఈలోపు తెర మీద మాటలు ఎవరి కోసమూ ఆగకుండా పోతున్నాయి. చెల్లి పాడాక చేతుల అమ్మాయికి అందులో ఏదో కుట్టు వంకరగా వినిపించి, మైకు మళ్ళీ వెనక్కి నడిచింది. కాజాల వదిన పంక్తులు తెర మీదికి వచ్చాయి, వెళ్ళాయి. ఆవిడ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది.

"పాడు వదినా," అని సూపర్‌వైజరక్క పక్కనుంచి గొంతు చించుకుంది.

"నా దగ్గరికి సరుకు రాలేదక్కా. ఎలా పాడేది?"

పాట అయిపోయింది. లెక్కకి నాలుగు పంక్తులు తేలాయి. హాలు పొట్ట పట్టుకుని నవ్వింది. మేనేజరు కళ్ళు తుడుచుకుంటూ, ఇంకొక్క అవకాశం ఇస్తున్నానని వేలు చూపించాడు.

సంగీతం మళ్ళీ మొదలైంది. ఈసారి పిన్ని నోరే తెరవలేదు. మైకు అలాగే పట్టుకుని నేల మీద చతికిలబడింది. మనిషి మళ్ళీ పడిపోయిందనుకుని సూపర్‌వైజరక్క వేదిక మీదికి పరిగెత్తింది. అది భయమే తప్ప మరేం కాదని తెలిశాక కాస్త ఊపిరి వచ్చింది. లైనులో సీటు ఖాళీ అయితే సూపర్‌వైజరు కూర్చోవాలి. చెయ్యి దానంతటదే మైకు అందుకుంది, నోరు దానంతటదే తెరుచుకుంది. చీటీలు రాసింది తనే కాబట్టి పన్నెండు పంక్తులూ ఆమెకు కంఠతా వచ్చు. రాగం ఒక్కటే రాదు.

ఆమె మొదటి పంక్తి పాడిన తీరు విని, కింద కూర్చున్న పిన్నికి ఎక్కడ లేని ఓపికా వచ్చింది. చటాలున లేచి, మైకు వైపు మొహం పెట్టి, తన పంక్తిని ఎలా పాడాలో పాడి చూపించింది. రెండోదీ పాడింది. మూడో పంక్తికి సూపర్‌వైజరక్క చేసిన అన్యాయం జేబుల చెల్లి భరించలేకపోయింది. అయిదోదానికి చేతుల అమ్మాయి, ఏడోదానికి కఫ్ ఆవిడ దూరిపోయారు. కాజాల వదిన అయితే తన పంక్తి రాకముందే సిద్ధంగా గొంతు సవరించుకుంది. గుండీల అమ్మాయి ఆఖరి పంక్తి హాలు దద్దరిల్లేలా పాడి ముగించింది. భయపడటానికి ఎవరికీ తీరిక లేకపోయింది. ముందు నవ్విన హాలు నవ్వుతూనే లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. సూపర్‌వైజరక్కకి ఆ నవ్వులు ఈసారి ఎక్కడా గుచ్చుకోలేదు.

మేనేజరు మైకు తీసుకున్నాడు.

"ప్యాకింగ్ వాళ్ళ పాట అద్భుతం. కానీ నోటీసులో విభాగం మొత్తం పాడాలని రాశాను. అక్కడ పాడింది ఒక్కరే. ఇక్కడ పాడకూడనివాళ్ళు కూడా పాడారు. కిటికీలు వీళ్ళవే."

సూపర్‌వైజరక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిన్ని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గాలొచ్చే మొదటి మిషను నీదే పిన్నీ."

"ఏడవకమ్మాయ్, అందరూ చూస్తున్నారు," అంటూ పిన్ని తనే ఏడ్చింది.

మేనేజరు హుషారు ఇంకా తగ్గలేదు. "వచ్చే ఏడాది పాట మొత్తం మీరే పాడాలమ్మా," అన్నాడు.

సూపర్‌వైజరక్క సిగ్గుపడుతూ ఒప్పుకోబోయింది.

"వద్దు సార్," అన్నారు ఆరుగురు.

ఆ సాయంత్రం మొత్తానికి ఆరుగురూ ఒకే శ్రుతిలో కలిసి పలికింది అదొక్కటే.