గోడలో కాపురానికి ముప్ఫై రోజుల గడువు

ఈ అమెరికాలో ఏ ప్రాణినైనా చంపవచ్చు గాని, నోటీసు అందుకున్న ప్రాణిని గడువు తీరకుండా చంపడానికి వీల్లేదు. నాగరికత అంటే ఇదేనని ప్లెయిన్స్‌బరోలో మేము అద్దెకుంటున్న విల్లో హాలో అపార్ట్‌మెంట్స్ ఆఫీసులో నాకు బోధపడింది.

ఇది 1983 వేసవి మాట. మా బాల్కనీ గోడ చెక్క పలకల సందులో తేనెటీగలు కాపురం పెట్టాయి. మాకూ వాటికీ ఏ పేచీ లేదు. పొద్దున్నే పనికి పోయేవి, చీకటి పడకముందే ఇల్లు చేరేవి, టీవీ పెట్టేవి కావు. (పక్క యూనిట్ వారి గురించి ఇంత మాట చెప్పలేను.) మధ్యాహ్నం ఇల్లు నిశ్శబ్దమయ్యాక గోడకి చెవి ఆనించేదాన్ని. నా వీసా మీద నేను ఉద్యోగం చేయకూడదు. (తేనెటీగల్లో పనికి పోయేవన్నీ ఆడవే.) గోడకి అవతల అన్ని వేలమంది ఆడవాళ్ళు పని చేసుకుంటున్న చప్పుడు వింటుంటే, డిగ్రీ పట్టా ట్రంకుపెట్టెలో ఉన్న మనిషికి అదో కాలక్షేపం.

కింది యూనిట్ పెద్దమనిషి ఫిర్యాదు చేశాడు. మేనేజర్ మిసెస్ హాలరన్ దగ్గర ప్రతి నేరానికీ అచ్చు వేసిన నోటీసు ఉంటుంది. బాల్కనీలో బట్టలారేయడానికి ఒకటి, పోపు వాసనకి ఒకటి. (రెండూ మాకు అందాయి.) తేనెటీగలకి మాత్రం లేదు. లేని నోటీసుని సొంతంగా రాయడం ఆఫీసు మర్యాద కాదు. అందుకని ఉన్నవాటిలో దగ్గరి చుట్టాన్ని వెతికి మా తలుపుకి అంటించింది: "మీ యూనిట్‌లో లీజులో పేరు లేని నివాసులు ఉన్నట్టు మా దృష్టికి వచ్చింది. వెంటనే ఆఫీసుకి రావలెను."

ఇక్కడ దైవాశీర్వాదం అనే కుర్రాడి సంగతి చెప్పాలి. మా ఆయన జగదీష్‌తో కాలేజీలో ఒకే గదిలో ఉన్నాయన తమ్ముడికి ఇతను స్నేహితుడు. అంటే మన లెక్కలో సొంత మనిషే. బాపట్ల వాడు, ఇంజనీరు. ఉద్యోగం దొరికేదాకా రెండు వారాలుంటానని చలికాలంలో వచ్చి మా సోఫా మీద ఉన్నాడు. అమెరికాలో మనవాళ్ళు సోఫా కొనేటప్పుడు రంగు చూడరు, పొడవు చూస్తారు. ఈ ఆచారం అపార్ట్‌మెంట్ వాళ్ళకి తెలీదు. మనమూ తెలియనివ్వం.

నోటీసు చదివి మా ఆయన గుమ్మంలోనే చతికిలబడ్డారు. "వసూ, దొరికిపోయాం."

దైవాశీర్వాదం సూట్‌కేస్ తీసుకెళ్ళి బాత్‌టబ్‌లో పెట్టి కర్టెన్ లాగాడు. "నా మూలంగా మీకు మాట రాకూడదక్కా. చర్చివాళ్ళ ఇంట్లో ఎక్కడో సర్దుకుంటాన్లే."

"ముందు ఆ పెసరట్టు తిను, చల్లారిపోతోంది," అన్నాను.

ఆఫీసులో మిసెస్ హాలరన్ నోరు తెరవకముందే మా ఆయన నేరం ఒప్పేసుకున్నారు.

"ఒక్కడేనండీ, మేడమ్! చాలా నెమ్మదస్తుడు. హాల్లో ఓ మూల పడుకుంటాడు."

ఆవిడ కళ్ళజోడు తీసింది. "ఒక్కడా? ఇరవై వేలకి తక్కువుండవని కింది ఆయన అంటున్నాడు."

"ఇరవై వేలా! అబద్ధమండీ. కావాలంటే వచ్చి చూసుకోండి. ఉంటే గింటే శనివారం పేకాటకి ఆరుగురు..."

కాలు తొక్కాను. అప్పటికే ఆవిడ రాసుకుంటోంది.

ఆ విధంగా ఒక్క నోటీసుకి రెండు కేసులయ్యాయి. అతిథి అనేవాడు పద్నాలుగు రాత్రులకి మించి ఉండరాదు గనక దైవాశీర్వాదం నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఈగలకి నెలాఖరు కూడా లేదు. శుక్రవారం మందు కొట్టేవాడు వస్తాడు.

"అయ్యో పాపం," అన్నారు మా ఆయన, ఇంటికొస్తూ. ఎవరిని గురించో చెప్పలేదు.

ఆ పూట లీజుతో ఇచ్చిన నిబంధనల పుస్తకం మొదటినుంచీ చదివాను. (దాన్ని చదివిన మొదటి అద్దెదారుని నేనేనని తర్వాత తెలిసింది.) మర్నాడు ఒక్కదాన్నే ఆఫీసుకి వెళ్ళాను.

"మీ నోటీసు ప్రకారం వాళ్ళు నివాసులండీ. నోటీసు అందుకున్న నివాసికి ముప్ఫై రోజుల గడువని పదకొండో నిబంధన."

"అవి ఈగలు, డియర్."

"ఆ మాట నోటీసులో లేదే!"

ఆవిడ నోటీసుని తిప్పి వెనక వైపు కూడా చూసింది. పోనీ రద్దు చేద్దామంటే, రద్దు నోటీసు అచ్చులో లేదు. చివరికి నిట్టూర్చి మందు కొట్టేవాణ్ణి రావద్దంది. అయితే నివాసులు ఖాళీ చేసేటప్పుడు పాటించాల్సినవన్నీ ఇవీ పాటించాలంది: వెళ్ళబోయే చోటి అడ్రసు ఇవ్వాలి, ఆవిడ ఎదుట కుటుంబ పెద్ద హాజరు కావాలి.

లైబ్రరీలో అంటించిన ఒక కాగితం చూసి మిస్టర్ జిమ్మర్‌కి ఫోన్ చేశాను. పక్క ఊరు క్రాన్‌బరీలో తేనెటీగలు పెంచే ముసలాయన. శనివారం ఖాళీ పెట్టెతో వచ్చి పలకలు ఊడదీశాడు. పొమ్మనలేక పొగ పెట్టడం అని మనం ఊరికే అంటాం గాని, ఇక్కడ దానికి చేత్తో పట్టుకునే పరికరమే ఉంది. దాన్ని దైవాశీర్వాదం చేతికిచ్చాడు. తనకీ త్వరలో పట్టబోయేదే కదా అన్నట్టు కుర్రాడు చాలా మృదువుగా పొగ పెట్టాడు.

తేనెపట్టుని రేకులు రేకులుగా కోసి చెక్క చట్రాల్లో నిలబెట్టి, ఇండియా నుంచి తెచ్చుకున్న పూలు కట్టే దారంతో కట్టాం. జిమ్మర్ రాణీ ఈగని పట్టి, అగ్గిపెట్టెంత పంజరంలో పెట్టి మిసెస్ హాలరన్ ముందు పట్టుకున్నాడు. ఆవిడ వంగి చూసి, కుటుంబ పెద్ద స్వయంగా హాజరైనట్టు రాసుకుంది. అడ్రసు: క్రాన్‌బరీ, ఆపిల్ తోట వెనక, చివరి పెట్టె. పంజరాన్ని ఆ పెట్టెలో పెట్టగానే తక్కిన సంసారమంతా వరసగా లోపలికి నడిచింది. పొద్దు వాలేసరికి గోడలో చప్పుడు లేదు. చెవి ఆనించి చూశాను. ఏమీ లేదు.

ఆవిడ ప్రసన్నంగా ఉందని అడిగేశాను. "మరి మా అబ్బాయికి కూడా ఆ ముప్ఫై రోజులూ..."

"అవి సొంతంగా ఇల్లు కట్టుకున్నాయి. అందరూ ఉద్యోగస్థులు. ఈయన అతిథి," అని నిబంధన నంబరు చెప్పి వెళ్ళిపోయింది.

జిమ్మర్ పెట్టెని ట్రక్కుకెత్తి తాడు బిగిస్తుంటే దైవాశీర్వాదం నవ్వుతూ అడిగాడు, మీ దగ్గర ఇంకా ఖాళీ పెట్టెలున్నాయా అని. ఆ ముసలాయన నవ్వలేదు. శ్రద్ధగా జవాబు చెప్పి వెళ్ళాడు. రాణి లేని పెట్టె నిలవదట. మగ ఈగల్ని చలి రాకముందే ఇంటివాళ్ళే బయటికి ఈడ్చేస్తారట.

రాత్రి మా ఆయన ఇంటికి వస్తూనే అడిగారు. "ఏమన్నాడు జిమ్మర్? ఏమైనా దారి ఉందా వీడికి?"

"పెట్టెలైతే ఉన్నాయట," అన్నాను. "బ్యాచిలర్లకి ఇవ్వరట."